పడుగు పేకల రెక్కలు
పాత యుద్ధవిమానంలో బాలల ప్రయాణం: ఒక పరిశీలన

సూరతు నగరపు దక్షిణభాగంలోని పాండేసర పేరు వినగానే గుజరాతు ప్రజలకు గుర్తుకు వచ్చేది వస్త్రం. ఇక్కడి పారిశ్రామికవాడలో అద్దకపు మిల్లులు, అచ్చుమిల్లులు వరుసలు తీరి ఉన్నాయి. చుట్టుపక్కల పేటలలో మరమగ్గాల చప్పుడు వినబడని పూట అరుదు. ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహారు, మహారాష్ట్రల నుండి వచ్చిన శ్రామికులతో పాటు తెలుగు నేతకుటుంబాలు కూడా ఈ నగరంలో స్థిరపడినాయి. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు బతుకుతెరువు కోసం షోలాపూరు, భివండి, బొంబాయిలకు తరలిన దారిలోనే సూరతుకు కూడా చేరుకున్నారు. పాండేసర, ఉధనా, లింబాయత్ ప్రాంతాలలో తెలుగు మాట ఈనాటికీ వినిపిస్తుంది. నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలలలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమానికి కూడా స్థానం లభించింది.

ఇట్టి పేటలో పెరిగే బాలునికి గాని, బాలికకు గాని పడుగు ఏదో, పేక ఏదో వేరుగా బోధించనవసరం లేదు. గుడ్డను వ్రేళ్ళ మధ్య నలిపి చూసి దాని గట్టిదనం చెప్పగల నేర్పు వారికి ఇంటినుండే అబ్బుతుంది. అయితే ఆ గుడ్డయే ఒకనాడు యుద్ధవిమానాన్ని ఆకాశంలో నిలిపినదన్న సంగతి పెద్దలలోనే పలువురికి తెలియదు. పాత యుద్ధవిమానంలో ఒక్కసారి కూర్చుని ఎగరాలన్న కోరిక ఏ దేశపు పిల్లలకైనా సహజమే. ఆ కోరిక తీరే మార్గం ఏది, ఆ ప్రయాణం నేర్పే పాఠం ఏది, దాని వెనుక దాగి ఉన్న బాధ్యత ఏది అనే మూడు ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాసపు ఉద్దేశ్యం.

గుడ్డతో కప్పిన యుద్ధవిమానాలు

భారత వైమానిక దళం 1932 అక్టోబరు 8న ఏర్పడింది. దాని మొదటి స్క్వాడ్రన్‌లోని మొదటి విభాగం 1933 ఏప్రిల్ 1న కరాచీ సమీపంలోని డ్రిగ్ రోడ్డులో నాలుగు వాపిటీ విమానాలతో పని ప్రారంభించింది. ఈ విమానాలు రెండంతస్తుల రెక్కలు కలవి. చట్రం గట్టిదే, కాని ఆ చట్రంపై పరచినది లోహపు రేకు కాదు. బిగుతుగా లాగి, లేపనం పట్టించిన వస్త్రం. అట్టి వాపిటీ ఒకటి ఢిల్లీలోని పాలం వైమానిక దళ ప్రదర్శనశాలలో నేటికీ భద్రంగా ఉన్నది.

రెండవ ప్రపంచయుద్ధకాలంలో మన వైమానికులు నడిపిన ముఖ్యమైన యుద్ధవిమానం హరికేన్. 1944లో ఇంఫాల్ రక్షణలో అర్జన్ సింగ్ నాయకత్వాన మొదటి స్క్వాడ్రన్ ఈ విమానాలతోనే పోరాడింది. హరికేన్ ముందుభాగంపై లోహపు రేకులు ఉండేవి. వెనుకభాగంపై మాత్రం కొయ్యపట్టీల మీద వస్త్రాన్ని పరిచేవారు. తొలినాటి హరికేన్లకు రెక్కలు సైతం వస్త్రంతో కప్పినవే. శత్రువు గుండు ఒక్కొక్కప్పుడు ఆ గుడ్డను ఒక వైపున చీల్చుకుని రెండవ వైపున వెళ్ళిపోయేది. లోపలి చట్రానికి దెబ్బ తగలకుంటే చిరుగుకు మాసిక వేసి, లేపనం పూసి, విమానాన్ని తిరిగి పంపేవారు. యుద్ధరంగంలో కుట్టుపనికి ఇంతటి గౌరవం దక్కడం నేతవాడల పిల్లలు తెలుసుకోదగిన విషయం.

హరికేన్‌కు సమకాలికమైన స్పిట్‌ఫైరు దాదాపు పూర్తిగా లోహనిర్మితమైనది. అయినా దాని తోకలోని చుక్కాని వంటి కదిలే భాగాలకు వస్త్రాన్నే వాడినారు. బరువు తగ్గడం, మరమ్మతు సులువు కావడం ఇందుకు కారణాలు.

గుడ్డ రెక్కగా మారే విధం

విమానానికి పనికివచ్చే గుడ్డ ఎట్లుండాలి? మొదట వాడినది అవిసెనారతో నేసిన లినెన్ వస్త్రం. మొదటి ప్రపంచయుద్ధంలో బెల్జియం, రష్యాల నుండి అవిసెనార సరఫరా చెడిపోగా, పొడవైన పీచు గల మేలురకపు పత్తితో నేసిన వస్త్రాన్ని అమెరికాలో తయారు చేశారు. అది సాదా నేత. చీరకు అందం తెచ్చే అంచులు గాని, బుటాలు గాని అందులో ఉండవు. కాని దానికి పెట్టే పరీక్ష మాత్రం మిక్కిలి కఠినమైనది.

అమెరికాలో మొదటి తరగతిగా నిర్ణయించిన విమానవస్త్రం నుండి ఒక అంగుళం వెడల్పు గల పట్టీని కత్తిరించి లాగినప్పుడు, అది కనీసం 80 పౌండ్ల, అనగా సుమారు 36 కిలోల లాగుడును తట్టుకోవాలి. పడుగు దిశలో ఒక లెక్క, పేక దిశలో మరొక లెక్క కుదరదు. రెండు దిశలలోను ఆ బలం ఉండితీరాలి. ఎందుకనగా గాలి పడుగును చూసి ఒకవైపుననే లాగదు. ఎండకు, వానకు వస్త్రం క్రమంగా బలం కోల్పోతుంది. ఆ బలం 56 పౌండ్లకు, అనగా మొదటి బలంలో నూటికి 70 పాళ్ళకు తగ్గినపుడు పాత గుడ్డను తీసివేసి కొత్తది పరచవలసినదే. మగ్గం మీద తెగిన పోగును అతకక వదిలివేస్తే చీర ధర తగ్గవచ్చు. రెక్కలో అదే లోపం మిగిలిపోతే దాని మూల్యం ప్రాణం. నేతగాని నిజాయితీకి, ఎగిరేవాని క్షేమానికి గల సంబంధం ఇందులో స్పష్టమవుతుంది.

వస్త్రాన్ని చట్రంపై పరచి, రెక్కలోని అడ్డపట్టీలకు దారంతో కుట్టి బిగిస్తారు. ఎగిరేటప్పుడు రెక్క పైభాగంలో పీడనం తగ్గి, గుడ్డను పైకి లాగుతుంది. కుట్టు బలహీనమైతే గుడ్డ చట్రం నుండి ఉబ్బి రెక్క ఆకృతి చెడుతుంది. ఆకృతి చెడితే ఎత్తే శక్తి నశిస్తుంది. కుట్టిన తరువాత డోప్ అనే లేపనం పూస్తారు. పత్తిపీచు వంటి సెల్యులోజు పదార్థం నుండి తయారయ్యే ఈ లేపనం ఆరుతూ ముడుచుకుని, గుడ్డను డప్పుతోలు వలె బిగిస్తుంది. గాలి, నీరు చొరకుండా చేస్తుంది. నూలుకు గంజి పట్టించే నేతగానికి ఈ విధానం అర్థం కావడం కష్టం కాదు. ఒకటే తేడా: తొలినాటి డోప్ త్వరగా అంటుకునే స్వభావం కలది. అందుచేత ఆ పనిశాలలలో నిప్పు విషయమై మిక్కిలి జాగ్రత్త పాటించేవారు.

ఈనాడు పాత విమానాలను పునరుద్ధరించేవారు పత్తికి, లినెన్‌కు బదులు ఎక్కువగా పాలియెస్టరు వస్త్రాన్ని వాడుతున్నారు. పాండేసర బాలునికి ఆసక్తి కలిగించే విషయం ఇదే. సూరతు మరమగ్గాలపై అధికంగా నేసేది పాలియెస్టరే. విమానానికి వాడేది ప్రత్యేక ప్రమాణాలకు లోబడి తయారైన వేరొక రకపు గుడ్డ, చీరల గుడ్డ కాదు. అయినా పీచు జాతి ఒక్కటే, వేడికి అది చూపే గుణమూ ఒక్కటే. ఆ గుడ్డను చట్రానికి అతికించి, వేడిచేసిన ఇస్త్రీపెట్టెతో క్రమంగా సుమారు 175 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి పట్టిస్తే, అది ముడుచుకుని తనంత తానే బిగుస్తుంది. వేడి హద్దు మీరితే బిగువు సడలుతుంది. ఇంకా పెరిగి 250 డిగ్రీలు దాటితే పీచు కరిగిపోతుంది. అద్దకపు మిల్లులలో స్టెంటరు యంత్రం చేసే పని కూడా ఈ గుణం మీదనే ఆధారపడి ఉన్నది. గుడ్డ అంచులను పట్టి, వెడల్పు చెడకుండా వేడిగాలిలో నడిపి, దాని కొలతలను స్థిరపరచడమే అక్కడ జరిగేది. మిల్లులో తండ్రి చేసే పనికి, ఎక్కడో విమానశాలలో రెక్కను బిగించే నిపుణుని పనికి ఆధారమైన శాస్త్రం ఒక్కటే.

ఒక చిన్న లెక్క

ఇంత బిగువు ఎందుకు కావలసి వస్తుందో ఒక లెక్క వల్ల తెలుస్తుంది. ప్రాథమిక శిక్షణకు వాడిన టైగర్ మాత్ అనే విమానపు పూర్తి బరువు సుమారు 828 కిలోలు. దాని నాలుగు రెక్కల మొత్తం వైశాల్యం సుమారు 22 చదరపు మీటర్లు. అనగా ఒక్కొక్క చదరపు మీటరు రెక్క సుమారు 37 కిలోల బరువును మోయాలి. తొలినాటి హరికేన్ బరువు సుమారు 3,000 కిలోలు, రెక్కల వైశాల్యం సుమారు 24 చదరపు మీటర్లు. అక్కడ ఒక్కొక్క చదరపు మీటరుపై పడే భారం 125 కిలోలు.

ఇది తిన్నగా ఎగిరినప్పటి లెక్క. విమానం మలుపు తిరిగేటప్పుడు ప్రక్కకు వాలుతుంది. ఎత్తు కోల్పోకుండా 60 డిగ్రీలు వాలి తిరిగితే రెక్కలపై భారం రెట్టింపు అవుతుంది. అప్పుడు హరికేన్ రెక్కలోని ప్రతి చదరపు మీటరు 250 కిలోలు మోయవలసి ఉంటుంది. లోపల కూర్చున్న 30 కిలోల బాలునికి తన బరువు 60 కిలోలైనట్లు తోస్తుంది. చెయ్యి పైకెత్తడమే కష్టమనిపిస్తుంది. యుద్ధంలో పైలటు ఇంతకన్న తీవ్రమైన మలుపులు తిరిగేవాడు. అప్పుడు రక్తం తల నుండి కాళ్ళవైపు దిగి, చూపు మసకబారి, ఒక్కొక్కప్పుడు స్పృహ తప్పే ప్రమాదం కూడా ఉండేది. వాలు 30 డిగ్రీలకు మించకుంటే 30 కిలోల బాలునిపై పడే భారం 35 కిలోలు కూడా దాటదు. బాలలను ఎక్కించుకున్న పైలటు మెల్లని మలుపులనే తిరగడానికి కారణం ఇదే. సాహసం చూపించడం కన్న సాహసాన్ని అదుపులో ఉంచుకోవడమే ఇక్కడ గొప్ప విద్య.

రెండవ ఆసనం

హరికేన్, స్పిట్‌ఫైరు ఒక్కరు కూర్చునే విమానాలు. వాటిని నేర్చుకునే యువకుడు ముందుగా రెండాసనాల శిక్షణ విమానాలలో అభ్యాసం చేసి, తరువాత యుద్ధవిమానాన్ని తొలిసారిగా ఒంటరిగానే నడపవలసి వచ్చేది. ఆ కష్టం తగ్గించడానికి యుద్ధానంతరం కొన్ని స్పిట్‌ఫైరులకు రెండవ ఆసనం అమర్చారు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో అట్టి విమానాలు పదింటిని భారత వైమానిక దళం తెప్పించుకుంది. అనగా యుద్ధవిమానంలో రెండవ ఆసనం పుట్టినది వినోదానికి కాదు, బోధనకు. అది శిష్యుని ఆసనం. మగ్గపు గుంట ప్రక్కన కూర్చుని తండ్రి చేతులను చూస్తూ నేత నేర్చుకునే పిల్లవాని స్థానం ఎట్టిదో, ఇదీ అట్టిదే.

నేడు బ్రిటనులో రెండాసనాల స్పిట్‌ఫైరులు, రెండాసనాలుగా మార్చిన ఒక హరికేన్ రుసుము తీసుకుని ప్రయాణికులను ఎక్కించుకుంటున్నాయి. అమెరికాలో 1992లో ప్రారంభమైన యంగ్ ఈగిల్స్ అనే కార్యక్రమం క్రింద 8 నుండి 17 సంవత్సరాల వయసు గల బాలబాలికలను స్వచ్ఛంద పైలటులు తమ విమానాలలో ఉచితంగా ఎక్కించుకుని తిప్పుతున్నారు. పాత విమానాల యజమానులు కూడా ఇందులో పాల్గొంటారు. ఇంతవరకు 20 లక్షలకు పైగా బాలలు ఈ విధంగా ఆకాశం చూశారు. తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి. ఎగిరే ముందు విమానం చుట్టూ తిప్పి, ప్రతి భాగం ఎందుకున్నదో వివరించడం ఆ కార్యక్రమంలో ముఖ్యభాగం.

ఈ సందర్భంలో మనదేశానికి సంబంధించిన ఒక విమానపు కథ చెప్పుకోదగినది. 1940లో బ్రిటను గగనతలంలో పోరాడిన ఒక హరికేన్ తరువాత భారతదేశానికి వచ్చి, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు విద్యార్థుల బోధనకు చేరింది. ఏళ్ళు గడిచేకొద్దీ అది ఆవరణలో పడి ఉండిపోయింది. 1982లో పీటర్ వాషర్ అనే బ్రిటిషు ఔత్సాహికుడు దానిని గుర్తించారు. దీర్ఘకాల ప్రయత్నం తరువాత 2001లో అది బ్రిటనుకు చేరి, పునరుద్ధరణ పొంది, 2004 డిసెంబరులో మళ్ళీ ఎగిరింది. తుక్కుగా కనిపించిన వస్తువులో చరిత్రను చూడగల కన్ను ఒకటి ఉంటే ఏమి సాధ్యమో ఈ సంఘటన తెలుపుతుంది. పాత వస్తువులను కాపాడుకునే శ్రద్ధ మనలోనూ పెరగవలసిన అవసరాన్ని కూడా ఇది గుర్తుచేస్తుంది. ఆ శ్రద్ధకు నిదర్శనంగా భారత వైమానిక దళం ఒక టైగర్ మాత్‌ను పునరుద్ధరింపజేసి, 2012 అక్టోబరు 8న వైమానిక దళ దినోత్సవంలో హిండన్ స్థావరంపై ఎగరవేసింది. వస్త్రపు రెక్కలు మన ఆకాశంలో మరల కనిపించిన రోజది.

సూరతు బాలలకు దారి

పరదేశాలలో వలె పాత యుద్ధవిమానంలో బాలలను ఎక్కించుకుని తిప్పే ఏర్పాటు మనదేశంలో సాధారణంగా లేదు. వైమానిక దళపు పాత విమానాలు ఉత్సవాలలో ఎగురుతాయే గాని ప్రయాణికుల కోసం కాదు. అయినా దారి మూసుకొని పోలేదు. అది మెట్లుగా ఉన్నది.

మొదటి మెట్టు చూడడం. సూరతు నుండి రైలులో సుమారు 260 కిలోమీటర్ల దూరాన ఉన్న ముంబైలో, వర్లీలోని నెహ్రూ విజ్ఞానకేంద్రపు ఆవరణలో మారుత్ యుద్ధవిమానం ఒకటి నిలిపి ఉన్నది. ఇది మనదేశంలో రూపొందిన మొదటి జెట్ యుద్ధవిమానం. జర్మనీ ఇంజనీరు కుర్ట్ టాంక్ మార్గదర్శనంలో బెంగుళూరులోని హిందుస్థాన్ సంస్థ ఇంజనీర్లు దీనిని నిర్మించారు. 1959లో మొదట ఇదే ఆకృతిలో ఇంజను లేని కొయ్య గ్లైడరును తయారుచేసి, డకోటా విమానంతో లాగించి పరీక్షించారు. 1961 జూన్ 17న అసలు విమానాన్ని సురంజన్ దాస్ ఆకాశానికి ఎత్తారు. 1970 జనవరిలో ఇదే తరగతి విమానాన్ని పరీక్షిస్తూ ఆయన ప్రాణాలు కోల్పోయారు. రెండాసనాల మారుత్‌లతో కలిపి మొత్తం 147 విమానాలు తయారైనాయి. 1971 యుద్ధంలో పశ్చిమ రంగాన అవి పాల్గొన్నాయి.

హిందుస్థాన్ విమాన సంస్థ పుట్టుకలోనూ మన పాఠకులకు పరిచితమైన ఒక ఊరు కనిపిస్తుంది. 1940 డిసెంబరులో దానిని స్థాపించిన వాల్‌చంద్ హీరాచంద్ గుజరాతీ మూలాలు గల జైన కుటుంబంలో, తెలుగు నేతగాళ్ళు అధికంగా స్థిరపడిన షోలాపూరులో జన్మించారు. సంస్థ వెలసినది మైసూరు సంస్థానపు బెంగుళూరులో. గుజరాతీ వ్యాపారి సాహసం, కన్నడదేశపు నేల, జర్మను ఇంజనీరు అనుభవం, బెంగాలీ పైలటు త్యాగం, వివిధ ప్రాంతాల శ్రామికుల చేతిపని కలిసి మారుత్ అయినాయి. పడుగు ఒక్కటే ఉంటే గుడ్డ కాదు. పేక ఒక్కటే ఉన్నా గుడ్డ కాదు.

రెండవ మెట్టు ఎగరడం. 1948లో ఏర్పడిన నేషనల్ కాడెట్ కోర్‌లో 1950 నుండి వైమానిక విభాగం ఉన్నది. ఇందులో చేరిన విద్యార్థులకు విమానశాస్త్రంలో పాఠాలు, విమానాల నమూనాలు చేయడంలో శిక్షణ లభిస్తాయి. స్క్వాడ్రన్ల సౌకర్యాన్ని బట్టి మైక్రోలైట్ అనే చిన్న విమానంలో శిక్షకుని ప్రక్కన కూర్చుని ఎగిరే అవకాశం కూడా ఉన్నది. ఇక్కడ కూడా రెండవ ఆసనమే. దానికి రుసుముతో పని లేదు. పాఠశాలలో వైమానిక విభాగం ఉండడం, విద్యార్థికి శ్రద్ధ ఉండడం కావాలి. ఈ సమాచారం శ్రామికవాడల పాఠశాలలకు చేరవేయడం ఉపాధ్యాయులు చేయదగిన గొప్ప మేలు. తెలియకపోవడం వల్ల తప్పిపోయే అవకాశాలు, ఎంపికలో తప్పిపోయే వాటికన్న ఎక్కువ.

మూడవ మెట్టు నడపడం. హైదరాబాదులో 1923లో జన్మించిన ఇద్రిస్ హసన్ లతీఫ్ 1942లో వైమానిక దళంలో చేరి, బ్రిటనులో హరికేన్, స్పిట్‌ఫైరులపై శిక్షణ పొంది, బర్మా రంగంలో పనిచేశారు. దేశవిభజన వేళ పాకిస్థానులో చేరే అవకాశం ఉండి కూడా భారతదేశాన్నే ఎంచుకున్నారు. 1978 నుండి 1981 వరకు వైమానిక దళాధిపతిగా ఉన్నారు. హైదరాబాదులో చదువుకున్న రాకేశ్ శర్మ మిగ్-21 విమానం నడిపి, 1984 ఏప్రిల్‌లో అంతరిక్షానికి వెళ్ళిన తొలి భారతీయుడైనారు. 2016 జూన్‌లో హైదరాబాదు సమీపంలోని దుండిగల్ వైమానిక అకాడమీలో ముగ్గురు యువతులు మొదటిసారిగా యుద్ధవిమాన విభాగానికి నియమితులైనారు. వారిలో ఒకరైన అవనీ చతుర్వేది 2018 ఫిబ్రవరిలో గుజరాతులోని జామ్‌నగరు స్థావరం నుండి మిగ్-21ను ఒంటరిగా నడిపి, యుద్ధవిమానాన్ని ఒంటరిగా నడిపిన తొలి భారతీయ మహిళగా పేరు పొందారు. ఆ మిగ్-21 కూడా 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సేవ నుండి విరమించింది. నిన్నటి ఆధునిక విమానం నేటి చారిత్రకవస్తువు అయినది. రానున్న కాలంలో బాలలు పాత యుద్ధవిమానమని చూసేది దీనినే.

ఆటవస్తువు కాని ఆయుధం

యుద్ధవిమానపు ఆసనంలో బాలుని కూర్చోబెట్టే పెద్దలు మరువరాని విషయం ఒకటి ఉన్నది. అది బొమ్మ కాదు, ఆయుధం. ఈ సత్యాన్ని గుజరాతు గడ్డ స్వయంగా అనుభవించింది.

1929లో ఇంగ్లండు, భారతదేశాల మధ్య ఒంటరిగా విమానం నడిపే తొలి భారతీయునికి ఆగాఖాన్ ఒక బహుమతి ప్రకటించారు. పోటీలో 17 ఏళ్ళ యువకుడు ఆస్పీ ఇంజనీర్ ఉన్నాడు. సూరతుకు పొరుగున ఉన్న నవసారి మూలాలు గల తాతా వంశీయుడు జె.ఆర్.డి. తాతా ఎదురు దిశలో బయలుదేరారు. ఈజిప్టులో ఇద్దరూ కలిసినప్పుడు ఇంజనీర్ విమానానికి స్పార్క్ ప్లగ్గులు అవసరమైనాయి. పోటీదారుడని చూడక తాతా తన వద్ద ఉన్నవి ఇచ్చారు. బహుమతి ఇంజనీర్‌కు దక్కింది. ఆ యువకుడే తరువాత 1960 నుండి 1964 వరకు వైమానిక దళాధిపతి. ఆయన సోదరులు కూడా వైమానిక దళంలో పనిచేశారు.

వారిలో ఒకరు జహంగీర్ ఇంజనీర్. దళం నుండి వచ్చిన తరువాత ఆయన గుజరాతు ప్రభుత్వపు విమానం నడిపేవారు. 1965 సెప్టెంబరు 19న, యుద్ధం సాగుతున్న రోజులలో, ముఖ్యమంత్రి బల్వంతరాయ్ మెహతాను ఎక్కించుకుని ఆయన కచ్ఛ్ వైపు వెళ్ళారు. సరిహద్దు సమీపంలో పాకిస్థాను యుద్ధవిమానం ఆ చిన్న పౌరవిమానాన్ని కూల్చివేసింది. మెహతా దంపతులతో సహా విమానంలోని 8 మంది మరణించారు. బల్వంతరాయ్ మెహతా తెలుగువారికి పరాయి పేరు కాదు. 1957లో ఆయన అధ్యక్షతన ఏర్పడిన సంఘపు సిఫారసులే పంచాయతీరాజ్ వ్యవస్థకు పునాది. దానిని 1959లోనే ఆచరణలో పెట్టిన తొలి రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఈ కథ అక్కడితో ముగియలేదు. 46 సంవత్సరాలు గడిచిన తరువాత, 2011లో, ఆనాడు కాల్పులు జరిపిన పైలటు జహంగీర్ ఇంజనీర్ కుమార్తెకు లేఖ వ్రాసి తన విచారాన్ని తెలియజేశారు. ఆమె కోపంతో గాక క్షమతో జవాబు వ్రాశారు. యుద్ధవిమానం వేగాన్ని, ఎత్తును కొలిచే సాధనాలు అనేకం ఉన్నాయి. తండ్రిని పోగొట్టుకున్న బిడ్డ మనసులోని ఆ క్షమను కొలిచే సాధనం లేదు. పాత యుద్ధవిమానం గురించి బాలలకు చెప్పే పాఠంలో యంత్రం గొప్పదనం ఎంత ఉండాలో, ఈ లేఖల కథ కూడా అంతే ఉండాలి. లేకుంటే ఆ పాఠం సగమే అవుతుంది.

ఇంట చేసి చూడదగిన ప్రయోగం

ఉత్తరాయణ పర్వదినాన సూరతు మేడలన్నీ పతంగులతో నిండిపోతాయి. ఆ పతంగి కాగితంతోనే వస్త్రపు రెక్క రహస్యాన్ని పరీక్షించవచ్చు. వెదురుపుల్లలతో జానెడు చదరపు చట్రం కట్టి, దానిపై పలుచని కాగితాన్ని మైదాజిగురుతో నాలుగు అంచులా అతికించాలి. మొదట అది కొంత వదులుగా ఉంటుంది. దానిపై సన్నగా నీరు చిలకరించి నీడలో ఆరనివ్వాలి. ఆరిన తరువాత కాగితం ముడుచుకుని బిగుస్తుంది. వ్రేలితో తడితే డప్పు వలె పలుకుతుంది. నీరు మరీ ఎక్కువైతే కాగితం చిరుగుతుంది. చట్రం బలహీనమైతే వంకర తిరుగుతుంది. బిగువుకు కూడా ఒక మితం ఉండాలన్న విషయం ఇందువల్ల అనుభవానికి వస్తుంది.

పాండేసర పిల్లలందరూ పైలటులు కాకపోవచ్చు. కొందరు ఇంజనీర్లు కావచ్చు, కొందరు వస్త్రశాస్త్రం చదవవచ్చు, కొందరు మగ్గాన్నే నమ్ముకొనవచ్చు. ఎవరు ఏ పని చేపట్టినా, పోగు పోగునూ పరీక్షించి నేసిన నేతగాడు, కుట్టు వదలక కుట్టిన పనివాడు, మెల్లగా మలుపు తిప్పిన పైలటు — ఈ ముగ్గురూ కలిస్తేనే రెండవ ఆసనంలోని బిడ్డ క్షేమంగా నేలకు దిగుతుందన్న గ్రహింపు వారికి మేలు చేస్తుంది. తెలుగు ఇంట పుట్టి, గుజరాతు గడ్డపై పెరిగి, హిందీలో స్నేహం చేసే బాలునికి ఈ పాఠం పుస్తకంలో కన్న ముందుగా వీధిలోనే పరిచయమై ఉన్నది. దానికి పేరు పెట్టి చెప్పడమే పెద్దల పని.